కర్ర కింద చుక్క

మూడు లాంతర్ల దగ్గర, బియ్యం కొట్టు వెనక
ఒక ట్రెడిల్ ఉండేది. దాని పక్కన ముప్పై ఒక్క ఏళ్లు నేను.
అరసాడ విశ్వపతిగారి నవలలు పద్నాలుగూ,
కనకవల్లిగారి కథల సంపుటాలు నాలుగూ
లోకం కంటే ముందు నా వేళ్లే చదివాయి,
తలకిందులుగా, సీసంలో.

ఇప్పుడు వాళ్ల మీద పుస్తకాలొస్తున్నాయి.
గంటస్తంభం పక్క కొట్లో వేలాడుతున్న అట్ట మీద
ఇద్దరూ నవ్వుతున్నారు.
ఆ ఫొటో తీసిన వారం వాళ్లకి మాటల్లేవు.
ముందుగదిలోంచి ఆయన రాత
వంటగదిలోకి ఆవిడకి చేరాలంటే
నా సైకిలెక్కి, ప్రెస్సు చుట్టి, దొడ్డిగుమ్మంలోంచి రావాలి.

ఆయనకి ఆశ్చర్యార్థకాల పిచ్చి.
వాన పడితే ఆశ్చర్యం. పాలు పొంగితే ఆశ్చర్యం.
రాయగడ పాసింజరు టైముకొస్తే,
సరే, అది నిజంగానే ఆశ్చర్యం.
నా కేసులో ఆ గడి ఎప్పుడూ చాలేది కాదు,
మద్రాసుకి ఉత్తరం రాసి
ప్రత్యేకంగా తెప్పించేవాడు మా ఓనరు, తిట్టుకుంటూ.

ప్రూఫు ఆవిడ దగ్గరికెళ్లి వచ్చేసరికి
ఆకుపచ్చ పెన్సిలు.
ఆయన మాట ఒక్కటి ముట్టుకునేవారు కాదు.
కర్రలు మాత్రం ఏరేసేవారు,
బియ్యంలో వడ్లగింజల్లాగ.
ఒకసారి మార్జిన్‌లో రాశారు:
"ఎందుకలా అరుస్తారు, పక్కగదిలోనే ఉన్నాను కదా."

తుపాను ఏడు ఆవిడ పోయారు.
పదకొండు నెలలకి ఆయన కట్ట వచ్చింది.
తొంభై పేజీలు. ఆవిడ పేరెక్కడా లేదు.
కాఫీ చల్లారింది!
కిటికీ వేశాను!
నిద్రపోయాను!
ప్రతి వాక్యం చివరా కర్ర, కర్ర కింద చుక్క.

గ్యాలీ లాగి, అలవాటు కొద్దీ ఆ ఇంటికే తీసుకెళ్లాను.
"అమ్మగారి బల్ల మీద పెట్టు సన్యాసీ."
పెట్టాను.
నాలుగోనాడు వెళ్తే పెట్టినచోటే ఉంది,
మీద సన్నగా దుమ్ము.
"చూడ్డం అయిందా?" అన్నారు, ఆ గది వైపు తిరక్కుండా.
"అయిందండి" అన్నాను.
అంత పెద్ద అబద్ధం అంత తొందరగా
నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

ఆ రాత్రి ప్రెస్సులో ఒక్కడినీ
చిమటాతో ఒక్కొక్కటే పీకాను. నాలుగు వందల పద్దెనిమిది.
ఒక్కదానికి చెయ్యి రాలేదు.
డెబ్బై ఆరో పేజీలో,
"ఇంకా దీపం పెట్టలేదేం!"

అచ్చయిన పుస్తకం ఆయన నెమ్మదిగా తిరగేశారు.
ఆ పేజీ దగ్గర ఆగారు.
"బాగా చూసింది" అన్నారు.
నాతో కాదు.

యూనివర్సిటీ ఆయనెవరో ఇప్పుడు రాశాడు,
భార్యావియోగం ఆ వచనానికి నిగ్రహం నేర్పిందని,
ఆ ఒక్క ఆశ్చర్యార్థకం మహాశిల్పి ఉలిదెబ్బ అనీ.
దాని మీదే ఇరవై పేజీలు.
నవ్వొచ్చింది చదివితే.
తర్వాత చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాను.

ప్రెస్సు తూకానికి పోయింది.
సీసమంతా నెల్లిమర్ల వాడెవడో కొన్నాడు,
ఆ గడిలోవి మటుకు అడిగి తెచ్చుకున్నాను, హార్లిక్స్ సీసాలో.
మనవరాలు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాది.
"ఏటివి తాతా?"
అమ్మగారు ఏరినవమ్మా.
కొన్ని నేనేరినవి.
ఏవి ఎవరివో
కలిసిపోయాయి.