అచ్చుతప్పు

అల్లూరు శాఖా గ్రంథాలయంలో
కొత్తగా వచ్చిన కట్ట విప్పాను.
పందొమ్మిది పుస్తకాలకు అరలు దొరికాయి.
ఇరవయ్యోది మాత్రం
మూడు రోజులు నా బల్ల మీదే ఉండిపోయింది.

నవలే. అట్ట మీద సముద్రం,
సముద్రంలో మునిగిన బస్టాండు,
బస్టాండు గడియారం మీద ఒంటి కాలి కొంగ.
మొదటి వాక్యం: "అది 2090వ సంవత్సరం."

సైన్సు కథల వరుసలో పెడదామంటే
రాకెట్టు లేదు, ఇంకో గ్రహం లేదు,
ఉన్న ఒక్క గ్రహంలోనే
ఎక్కడ కాలు పెట్టాలో తెలియని జనం.
డిటెక్టివు వరుసలో?
హత్య ఉంది. హంతకుడే ఒకడు కాదు.
కృష్ణపట్నం బొగ్గుతో
నా నెత్తి మీద తిరిగే ఈ ఫ్యానుకూ
అందులో చిన్న వాటా ఉన్నట్టుంది.
చరిత్రా? ఇంకా జరగలేదంటారు.

పైనుంచి వచ్చిన జాబితాలో
ఈ రకానికి ఒక పేరుంది, క్లైమేట్ ఫిక్షన్ అని.
పేరు బాగానే ఉంది,
మా రిజిస్టరులో ఆ గడి లేదు.

నేను చదివిన పాత కథల్లో
వాన ఎప్పుడూ కిటికీ బయటే కురిసేది.
నాయిక తడిసేది, ఉత్తరం తడిసేది,
పేజీ తిప్పేసరికి వెలిసేది.
ఇందులో వాన
తలుపు తోసుకొచ్చి కుర్చీలో కూచుంది.
చివరి పేజీ దాకా లేవలేదు.

నాలుగో రోజు ఇసకపల్లి ఉప్పు కయ్యల్లోంచి
పామంజి కావమ్మ వచ్చింది,
మనవరాలి కార్డు మీద దాన్ని పట్టుకుపోయింది.
చదివింది పిల్ల, విన్నది ఆమె.
పదిరోజులకు తెచ్చి బల్ల మీద పెట్టి,

"ఏందయ్యా, సంవత్సరం తప్పుగా అచ్చేసుండారే?
ఇది పోయిన మే నెల సంగతి గదా.
పదకొండు గుట్టలు పోసినాం.
తాటాకు కప్పేలోపల వానొచ్చె.
తెల్లారి పోయి చూస్తే
గుట్టలున్న చోట గుట్టల తడి."

కాసేపాగి,
"రాసినాయనకు సముద్రం బాగా తెలుసు.
ఉప్పు ధర యాడా చెప్పలా.
ఊరు మునిగిందన్నాడు, బడి మునిగిందన్నాడు,
అప్పు మునిగిందో తేలిందో చెప్పలా."

సమీక్షలు చాలా చదివాను.
అప్పు సంగతి ఎవరూ అడగలేదు.

ఆమె వెళ్ళాక పుస్తకం తెరిస్తే
2090 మీద పెన్సిలు గీత,
పక్కన తొమ్మిదో తరగతి గుండ్రటి అంకెల్లో
పోయిన ఏడు.
పుస్తకంలో రాతలు రాస్తే
జరిమానా అని గోడ మీద నేనే అంటించాను.
సొరుగులోంచి రబ్బరు తీశాను.
తీసి, చాలాసేపు
దాని మూలలు ఎంత అరిగాయో చూస్తూ కూచున్నాను.

వర్గం అనే గడి ఇంకా ఖాళీనే.
సాయంత్రం మూసేముందు దాన్ని
దినపత్రికల బల్ల మీద,
జిల్లా పేజీ పక్కన వదిలాను.

పొద్దున వచ్చి తలుపు తీశాక
పేపర్ల కోసం నలుగురైదుగురు వచ్చారు, పోయారు.
పదిన్నరకు చూస్తే అక్కడ లేదు.
సంతకం పెట్టకుండానే
ఎవరో పట్టుకుపోయారు.