రాతకూలి

గేటు దగ్గరే ఫోను లాగేసుకున్నారు.
సంచిలో పడేసి, నంబరు చీటీ చేతిలో పెట్టి
"మూడు గంటలయ్యాక" అన్నాడు ప్యూను, కన్నడంలో.
మూడు గంటలు!
మార్కెట్టు తెరిచిన పూట
నా షేర్లు ఎక్కాయో జారాయో తెలియకుండా
ఊపిరి తీసుకుని ఎన్నేళ్లయిందో.

నిజానికి రావలసింది నేను కాదు,
మా ఆఫీసు మెహరున్నీసా. జ్వరమట.
"రాసిపెడితే చాలు. కూలి లేదు, కాఫీ ఇస్తారు" అని
రాత్రి పదకొండుకి మెసేజీ పెట్టింది.

మల్లేశ్వరంలో పాత కాలేజీ. మేడ మీద చివరి గది.
ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగని ఫ్యాను.
గంగరత్న అప్పటికే వచ్చి కూర్చుంది.
బి.ఏ. రెండో ఏడు, బాగేపల్లి పక్క పల్లె.
చూపు లేదు. గొంతు మాత్రం
సంతలో బేరమాడే గొంతు.
"తెలుగోళ్లా? సరిపోయింది,
తప్పు రాస్తే తెలుగులోనే తిడతా."

షరతు ఒక్కటే:
ఆమె చెప్పిందే రాయాలి.
తప్పు చెప్తే తప్పే రాయాలి.
పదహారేళ్లుగా నాకు జీతమిస్తున్నది
పక్కవాడి తప్పులు పట్టడానికే.
నాలిక కొసకొచ్చిన సరైన జవాబుని
గుటకేసి మింగడం ఎంత కష్టమో
అప్పుడు తెలిసింది.

అయిదో ప్రశ్న చదివి వినిపించాను:
సంపదకీ సంక్షేమానికీ భేదమేమి? పది మార్కులు.
నవ్వొచ్చింది.
వైట్‌ఫీల్డులో ఒక ఫ్లాటూ
సర్జాపూర్ రోడ్డులో ఇంకోటీ
రెంటికీ మధ్య ట్రాఫిక్‌లో నేనూ.
ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
వేళ్లతో బల్ల అంచు తడిమింది,
ఎవరో ఎప్పుడో చెక్కిన పేరు తగిలింది కాబోలు
అక్కడే ఆగింది.
"రాసుకోండి. సంపదని లెక్కబెట్టొచ్చు.
మా అవ్వకి రెండెనుములు. అది సంపద.
రాత్రిపూట అవి నెమరేసే చప్పుడు వింటా
అవ్వ నిద్రపోతాది.
అది సంక్షేమం."
అంతలోనే నాలిక కరుచుకుని
"ఎనుములకి మార్కులెవరేస్తారు, కొట్టేయండి.
పుస్తకంలోది చెప్తా."

కొట్టేశాను.
ఒకే ఒక్క సన్నటి గీతతో,
కింద అక్షరాలు కనబడేలా.
అది నిబంధనల్లో ఉందో లేదో తెలీదు.

రెండో గంటకి నడిమి వేలి మీద బొబ్బ.
సంతకం తప్ప ఏమీ ఎరగని వేలు.
మొదట కోడి గీరినట్టున్న అక్షరాలు
పోను పోను పలక నాటి గుండ్రదనాన్ని
గుర్తు తెచ్చుకున్నాయి.
కిటికీ అవతల గులాబిరంగు పూల చెట్టొకటి
ఒంటిమీద ఆకు లేకుండా పూసి ఉంది.
దాని పేరు నాకు తెలీదు.
ఈ ఊళ్లో నాకు పద్దెనిమిదేళ్లు.

గంట మోగింది.
అదనపు కాగితాలకి దారం ముడేస్తుంటే
మొదటిసారి గొంతు తగ్గించి అడిగింది:
"నా దస్తూరి బాగుందా?"

నా, అంది.
నా పేరున రాయించుకున్నవి చాలానే ఉన్నాయి
స్టాంపు కాగితాల మీద.
నా చేతిది ఇంకొకరి పేరున పోవడం
ఇదే మొదలు.
"గుండ్రంగా ఉంది" అన్నాను.
అబద్ధం కాదు.

కాఫీ ఇచ్చారు, చల్లారింది.
గేటు దగ్గర చీటీ ఇచ్చి ఫోను తీసుకున్నాను.
షేర్లు పడ్డాయి. ఎంత పడ్డాయో చూశాను కూడా.
చూడకుండా ఉండేంత గొప్పవాణ్ణి
ఒక్క పూటలో ఎక్కడవుతాను?
తర్వాత ఎనిమిదో క్రాసంతా తిరిగి
పెన్నుల కొట్టు పట్టుకున్నాను.
వేలికి మెత్తగా ఉండేదొకటి కావాలి.

గురువారం స్టాటిస్టిక్స్.
మెహరున్నీసాకి జ్వరం తగ్గిందట,
నేనే వెళ్తానని చెప్పాను.
గ్రాఫులు గీయాలట.
గీత పైకెళ్లాలో కిందికి దిగాలో
ఈసారి గంగరత్న చెప్తుంది.