నాలుగో సూది

బుధవారం మూడింటికి కరెంటు పోతది.
కొత్తవాడల మా గల్లీ సాంచెలన్నీ
మాట మర్చిపోయినట్టు ఒక్కపారే ఆగుతయి.
అప్పుడు వినబడ్తయి పిట్టలు.

అప్పుడే వస్తరు వీళ్లు గూడ.
అండాలు, సంకల పాత చీరెల మూటతోటి.
నస్రీన్ ఆపా, కుట్టుడబ్బాతోటి.
మూత మీద ఇంకా బిస్కెట్ల బొమ్మనే ఉన్నది,
ఎన్నిసార్లు మోసపోయినా
మా మనుమడు మళ్లా తెరిచి చూస్తడు.
ఆఖరుకు సత్తెక్క, ఉత్త చేతులతోటి.
ఆమెకు కుట్టుడు రాదు, లెక్క వెట్టుడొచ్చు.
ఇరువై ఏండ్లు పరకాల బస్సుల టికెట్లు కొట్టింది.
ఇప్పుడు మా పెరట్ల పీట మీద కూసొని
పాత కాయితం వెనక రాసుకుంటది:
గోరింకలు నాలుగు, ఎక్కినయి.
పిగిలిపిట్టలు రెండు, దిగినయి.
జెముడుకాకి ఒకటి, టికెట్ లేదు.

మేం ముగ్గురం బొంత కుడ్తం.
ఎవలికని అడగకుండ్రి, మాకే తెల్వదు.
ఐదు బుధవారాలాయె, మెత్తంతనే అయింది.
కుట్టిందానికంటే విప్పిందే ఎక్కువ,
విప్పిందానికంటే ముచ్చట ఎక్కువ,
నడుమల సర్వప్ప కాలుస్త నేను,
నూనె చేతులతోటి సూది జారుతది.

ఎర్రదారం తక్కువైతున్నదని
మొదలు చూసింది ఆపా.
అండాలు దిక్కు చూసింది. అండాలు నా దిక్కు.
కొంచెంసేపు ఎవలం మాట్లాడలే.
"దొరికింది దొంగ," అన్నది సత్తెక్క, మెల్లగ,
చెకింగు వచ్చినప్పటి గొంతుతోటి.

డబ్బా అంచు మీద
బొటనవేలంత పిట్ట.
నెత్తి మీద ఇటుకరంగు, తోక నిక్కబొడిచి,
ముక్కుల మా దారం.

బట్టలుతికే బండ పక్కన
దానంతటదే మొలిచిన బాదం మొక్క ఉన్నది.
దాని ఆకును ముడిచి, అంచుకు పొడిచి,
ఇవుతల దూర్చి, అవుతల గుంజి
కుడుతున్నది కుట్టుపిట్ట.
నలభై ఏండ్లు పోచమ్మ మైదాన్ల
ఊరందరి జాకెట్లు కుట్టి
ఎవలి పనికీ ఒప్పుకోని అండాలు
చాలాసేపు చూసి, అన్నది:
"పనొచ్చిన పిల్లనే."

ఆపా అద్దాలు తుడుచుకొని చూసింది.
ముడి వెయ్యలేదట అది.
దారం కొనను పీచు పీచు చేసి
రంధ్రంల వదిలేసింది. గంతే.
జారలేదు.
మేం ముగ్గురం మా ముడులు చూసుకున్నం.

ఆనాటి సంది తీగె మీద తునకలు పెడ్తున్నం.
జానెడుంటే ముట్టదు, బెత్తెడైతే తీస్కపోతది.
జరీపోగు పెట్టింది అండాలు, ముచ్చటపడి.
అది చూసింది, దాటిపోయింది,
బొంతలకెల్లి ఊడిన పాత దూది
నోరు పట్టనంత పట్టుకపోయింది.
అండాలు రెండు రోజులు అలిగింది, పిట్టమీద.

ఆశాడం గాలి లేసిన రాత్రి
టార్చి పట్టుకొని పెరట్లకు పోయిన.
ఆకు ఊగుతున్నది, ఒక్క కుట్టు తెగలే.
ఇంట్లకొచ్చి ముగ్గురికీ ఫోన్ చేసిన.
పదకొండు గొట్టింది, ముగ్గురూ ఎత్తిండ్రు,
ఒక్కరు గూడ ఏమైందని అడగలే,
"ఉన్నదా?" అన్నరు.

పిల్లలు ఎగిరిపోయింది మాత్రం శుక్రవారం.
నేనొక్కదాన్నే చూసిన, చూసిన అనుకున్న,
పాలు పొంగుతుంటే లోపలికురికిన.
బుధవారం నాడు సత్తెక్క
నా మాట మీద నమ్మకం లేకుండనే రాసుకున్నది:
మూడు, దిగినయి.

ఎండిన ఆకును బొంతల కుడ్దామన్నది అండాలు.
పొడి పొడి అయితదన్నది ఆపా.
ఇంకా తేలలే. ఆకు అద్దం వెనక ఉన్నది.

కరెంటొచ్చింది. సాంచెలు మొదలైనయి.
ఇగ మాట వినవడాల్నంటే మొత్తుకోవాలె.
సత్తెక్క పీట మీదికెల్లి లేసి
గల్లీ అంత వినవడేటట్టు ఒర్లింది,
"ఇంకెవలన్న దిగేటోళ్లున్నరా?"

ఎవలం లేస్తలేం.
నస్రీన్ ఆపా, ఒక కన్ను మూసి,
దారం ఎక్కిస్తున్నది.