ఎర్త్

తెల్లారగట్ట నాలుగింటికి తాళం తిప్పితే
టిక్.
అంతే.
కొబ్బరితోట చీకట్లో ఒకే ఒక్క టిక్.

వెనక సీట్లలో ముగ్గురు.
ఢిల్లమ్మ, త్రినాథులు మావ, జీడిపిక్కల బట్టీలో పనిచేసే కూర్మారావు.
వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి
మిషనుకి నెత్తురిచ్చి, కడిగించి, తిరిగి తెచ్చుకునేవాళ్ళు.
ఐదున్నరకి మంచం.
దాటితే ఆ మంచం ఇంకెవరిదో.

మళ్ళీ తిప్పాను. టిక్.
"బేటరీ అయిపోనాదేటి బాబూ?" అంది ఢిల్లమ్మ.
మా ఉద్దానంలో ఏది ఆగినా
ముందు అందరికీ తోచేది అదే, లోపల అయిపోయిందని.

తోస్తే కదిలే సుమోనే ఇది.
కానీ కింద ఇసక.
తొయ్యాల్సిన ముగ్గురూ
ఎడమచేత్తో నీళ్ళబిందె కూడా ఎత్తొద్దని
ఆసుపత్రిలో చెప్పించుకున్నవాళ్ళు.

హరిపురం లోహిదాసుకి ఫోను కొట్టాను.
నిద్రగొంతుతోనే అడిగాడు:
"ఎన్ని టిక్కులు?"
ఒకటే.
"లైట్లేసి తిప్పు. తగ్గతన్నాయా?"
తగ్గలేదు. ఎదురుగా గోడ మీద బల్లి కూడా కనిపిస్తోంది.
"టకటకటక అంటే బేటరీ.
అసలు నోరెత్తకపోతే స్విచ్చో, రిలేయో.
ఒకటే టిక్కూ, తగ్గని లైట్లూ...
ఉండు, వచ్చెస్తన్నాను."

మోపెడ్ మీద వచ్చాడు, లుంగీ, మంకీ టోపీ,
భుజానికి ఎరువుల సంచి, అందులో సామాను.
బండి కిందికి దూరి స్టార్టర్ని స్పానర్తో రెండు దెబ్బలేశాడు.
"బొగ్గులరిగితే దెబ్బకి భయపడి ఒకపాలి తిరుగుతాది. తిప్పు."
టిక్.
"భయం లేదు దీనికి. రోగం ఇక్కడ కాదు."

మీటరు తీశాడు.
ఒక ముల్లు బేటరీ మైనసుకి, ఒకటి ఇంజను ఒంటికి.
తిప్పమన్నాడు.
ఏమీ ఉండకూడని చోట తొమ్మిది వోల్టులు.
టార్చి పళ్ళతో పట్టుకుని
ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య రాగిజడ లాగాడు.
చేతిలోకి వచ్చేసింది,
పచ్చగా, అప్పడంలా పెళపెళలాడుతూ.
"ఉప్పుగాలి తినేసినాది.
కరెంటు ఎల్లే దారే అందరూ సూత్తారు బాబూ,
తిరిగొచ్చే దారి ఎవుడూ సూడడు."

"దీన్నేటంటారు?" అడిగాడు త్రినాథులు మావ.
"ఎర్తు. నేలన్నమాట."
మావ కాసేపు ఊరుకున్నాడు.
"అయితే నేలదేనన్నమాట తప్పు."

సీసాలతో వచ్చి మా బావినీళ్ళు పట్టుకెళ్ళారు,
మట్టి పట్టుకెళ్ళారు, బియ్యం గుప్పెడు, ఉచ్చ సీసాడు.
ఎన్ని జీపులో లెక్క తెలీదు.
ఇదిగో, ఇక్కడ, అని
ఒక్క చోట ముల్లు పెట్టి చూపించినవాడు లేడు.
లోహిదాసుకి పదిహేడు నిమిషాలు పట్టింది.

జంపరు కేబులు ఒకటి ఇంజనుకీ బాడీకీ బిగించి
సైకిలు ట్యూబు ముక్కతో కట్టాడు.
తిప్పాను.
గుర్రుమని, ఒళ్ళు విరుచుకుని, లేచింది.

ఢిల్లమ్మ అద్దం దించి ఎడమచెయ్యి బయటపెట్టింది.
ముంజేతి మీద తాడులా ఉబ్బిన నరం.
"నాదీ ఇలాగే గుర్రుమంటాది. సూడు నాయినా."
అతను గ్రీజు చెయ్యి లుంగీకి తుడిచాడు, మళ్ళీ తుడిచాడు,
రెండు వేళ్ళు ఆనించి
ఇంజను వినేవాడిలా తల వంచాడు.
"నడస్తంది అప్పా."

డబ్బులివ్వబోతే తీసుకోలేదు.
"సాయంత్రం కొత్త పట్టీ ఏసినాక ఇద్దువు.
ఈ కట్టుని నమ్మకు. నేను సూసేదాకా
ఇంజను మాత్రం ఆపకు."

ఐదూ ఇరవై ఎనిమిదికి చేరాం.

ఆసుపత్రి గోడ పక్కన, వేపచెట్టు కింద
నాలుగు గంటలు బండి ఆన్లోనే ఉంచాను.
వాచ్‌మన్ రెండుసార్లు వచ్చాడు.
"ఆపవయ్యా, డీజిలు దండగ."
లోపల ముగ్గురివీ తిరుగుతున్నాయి కదా,
అయ్యేదాకా ఉండనీ అన్నాను.
అతను గోడవైపు చూసి
బీడీ ముట్టించుకుని
బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు.