తాలు

ఎనుమాముల యార్డుల ఇరవై రెండేండ్లు
మిర్చి బస్తాలు మోసిన.
ఘాటుకు తుమ్మని ముక్కు నాది.
అసొంటిది, మొన్న పచ్చిపులుసు బుక్కకే
ఎడమ దవడ భగ్గుమన్నది.

ఎంజీఎంల పండ్ల డాక్టరమ్మ
మూడు వేళ్లు నిలువుగ నోట్ల పెట్టుమన్నది.
రెండే పట్టినయ్.
అంబర్ సంగతి నేను చెప్పలే,
లోపటి మూల చెప్పింది.

అద్దంల చూసిన:
ఎర్రటి రాశిల తాలుకాయ లెక్క
తెల్లగ, గరుకుగ.
గీకితే పోదట.

"క్యాన్సరా, మేడం?"
"కాదు. కావచ్చు.
అన్నీ మర్లబడయ్, కొన్నే.
ఏవో, మచ్చ మొకం చూసి చెప్పలేం."

చిన్న ముక్క కోసి పంపింది.
నాకు తెల్వని పనా అది!
ఖరీద్దారు బస్తకు బొక్క పెట్టి
పిడికెడు గుంజి చూస్తడు,
బస్త నోరు మూసుకొని నిలబడుతది.

పదొద్దులు నా ధర తెల్వక తిరిగిన.

కాయిదం వచ్చింది. "ఇప్పటికైతే కాదు."
నలభై కిలోలు ఒక్క ఊపుల ఎత్తేటోన్ని,
ఆ 'ఇప్పటికైతే'ను ఇంకా దించలే.

మూడు నెలలకోసారి రమ్మన్నది.
అంబర్ బంద్.
బందే గని, చెయ్యి జేబుల దేవులాడుతనే ఉంటది.
రాజవ్వ నా కూర కారం ఎయ్యకముందే తీసి పెడుతది.

నిన్న కాంటా కాడ
కొత్త పోరడు ఓదేలు పంటితోని పాకీటు చింపుతుంటే
చెయ్యి పట్టిన:
"నోరు తెరువ్‌రా, మూడు వేళ్లు పెట్టు."
పెట్టిండు.
"పట్టినయ్ గదనే, కాకా" అని నవ్వి
పాకీటు నోట్లకు దులుపుకున్నడు.