క్రియ చివర

ట్బిలీసీలో మార్చి. ఎడిటింగ్ గదిలో హీటరు
ఒక కాలికే వేడినిస్తుంది.
ఇక్కడ వైద్యం చదివే తెలుగు పిల్లలు కూడా
ఈ డాక్యుమెంటరీ చూడాలని మ్జియా పట్టు.
తెర అడుగున నాకిచ్చిన జాగా రెండు వరుసలు,
వరుసకి ముప్పైరెండు అక్షరాలు,
నాలుగు సెకన్లు.
ఆ నాలుగు సెకన్లలో చియాతురా ముసలావిడ సియాలా
చిక్కుడు గింజలొలుస్తూ, కెమెరాని చూడకుండా
ఒక్క మాటంటుంది:
"ఇస్, రాత్రి, ఆలస్యంగా..."

ఇస్.
వాళ్ల భాషలో అతనూ అదే, ఆమే అదే,
గుమ్మంలో పిల్లీ అదే, లోయ మీద వేలాడే తీగబండీ అదే.
నా భాషలో అలా కుదరదు.
క్రియ చివర ఒక డు, ఒక ది
టికెట్ కలెక్టర్లలా నిలబడి ఉంటాయి,
చూపించందే దిగనివ్వవు.
వచ్చాడా? వచ్చిందా?
"వచ్చారు" అందామంటే
మనవల్ని గారూ అనే రకం కాదు ఆవిడ.
ముసలావిడే ఇంకా తేల్చుకోలేదు,
ఆవిడకన్నా ముందు నేనెలా తేల్చను?
"రాత్రి రాక ఆలస్యం" అని రాశాను.
టెలిగ్రాములా ఉందని నాకూ తెలుసు.

లాషాకి ఇరవై ఆరు. తీగబండి నడిపే ఉద్యోగం.
మాంగనీసు గనికి పొద్దుటి షిఫ్టుని
పైకీ కిందకీ మోస్తుంటాడు.
(ఇక్కడ డు నాకు కష్టం కాలేదు.
తనే చెప్పాడు, మొదటి నిమిషంలోనే,
లివరు మీద చెయ్యి తియ్యకుండా.)

ఇంట్లో వాల్‌పేపరు ఒకచోట నలుచదరంగా, కొత్తగా ఉంది.
"అక్కడేముండేది?" మ్జియా గొంతు, కెమెరా వెనకనుంచి.
"గడియారం" అంటాడు తండ్రి ఒతారి.
"ఫొటో" అంటుంది ముసలావిడ, అదే క్షణంలో.
రెండు వరుసల్లో రెండూ పట్టాయి.

విందులో మేనమామ గ్లాసెత్తాడు, పోయినవాళ్ల కోసం.
తాగారు. పొరుగువాళ్ల కోసం. తాగారు.
"ఇంటి ఆడపిల్లల కోసం!"
ఎవరూ ఎవర్నీ చూడలేదు. జున్నురొట్టె చల్లారుతోంది.
"ఇంటి మగపిల్లల కోసం!"
లాషా గ్లాసు ఖాళీగా ఉంది.
ఒతారి కూజా తోశాడు.
వంచలేదు, తోశాడంతే, బల్లమీద జానెడు దూరం.
ఈ షాటుని మ్జియా పదకొండుసార్లు వెనక్కి తిప్పింది.
లాషా వైపే తోశాడా, ఉప్పుకి అడ్డమని జరిపాడా
ఇప్పటికీ మాకు తెలీదు.

సౌండు మనిషి జుంబెర్ అందర్నీ ఒక్క నిమిషం
మాట్లాడకుండా కూర్చోమన్నాడు.
ఉత్త గది చప్పుడు కావాలట, అతుకుల్లో వాడతారు.
ఆ ఇంట్లో దానికెవరికీ సాధన అక్కర్లేకపోయింది.
ఫ్రిజ్ మూలుగు. గోడ అవతల ఎవరిదో దగ్గు.
ఒతారి గోళ్లు, నల్లగా, మేజా గుడ్డ మీద.
అరవై సెకన్లు నాకు పనిలేదు.
సినిమా మొత్తంలో
నేను తప్పు చెయ్యని చోటు అదొక్కటే.

తల్లి నాజిబ్రోలా పేరు పలకదు.
పాతదీ పలకదు, కొత్తదీ పలకదు.
నలభై ఏడు నిమిషాలు "ఇదిగో", "చూడు"లతో నెట్టుకొచ్చింది.
చివర, బండి కదిలాక, ఇనప మెట్ల మీదనుంచి అరుస్తుంది:
"దేదా! తిన్నావా?"

దేదా అంటే అమ్మ.
అక్కడ తల్లులు బిడ్డని అమ్మా అనే పిలుస్తారు,
ఆడైనా మగైనా,
తమ పిలుపునే తిప్పి బిడ్డకిస్తారు.
పాపం, ఇదెలా రాస్తావో అన్నట్టు
మ్జియా నావైపు తిరిగింది.
నాకు నవ్వొచ్చింది.
కొట్టినా, జడేసినా, కంచంలో రెండో ముద్ద పెట్టినా
మా అమ్మ నన్ను "నాన్నా" అనే అంది.
నేను ఆమె కూతుర్ని.

"నాన్నా! తిన్నావా?"
ఐదక్షరాలు. ఒకటే వరుస.
చివర డు లేదు, ది లేదు.

లోయ మధ్యకెళ్లాక బండిలోంచి జవాబొచ్చింది.
గాలి. జుంబెర్ మైకుకి అందలేదు.
మూడు చుక్కలు పెట్టాను.
మ్జియా చూసి, ఒకటి తీసేసింది.