చివరి మడి

పొగతోటలో మా స్కాన్ గది.
సొరంగంలోకి జరిపేముందు మస్తానయ్య అడిగాడు:
"మందు ఎంత వదల్తావమ్మా?"
సర్వేపల్లి కాలువ మీద ముప్పై ఏళ్ల లస్కరు.

గాడోలినియం వదిలాను.
మందు దాటిపోతుంటే తెరమీద గీత
గుంటపడి లేచింది.
ఆ గుంటే నా కొలబద్ద.
తూము కాడ అంత, మడిలో ఇంత,
విడదీసే లెక్క యంత్రం చేసుకుంటుంది.
మెదడు కుడిపక్క వేళకి తడిసింది.
ఎడమపక్క
నాలుగు సెకన్లు ఆలస్యం.

"అంచనా" అని రాశాను.

బయటికొచ్చి గీతల్ని చూశాడు,
కాలువ పుస్తకం చూసినట్టు.
"తూము కాడ లెక్కెప్పుడూ సరిగ్గానే ఉంటాదమ్మా.
చివరి మడిదాకా నడిచిపోయి చూడాల."

నడిచి పోలేని మడి.
కుడిచేత్తో చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు.
వేళ్లకి గుండీ దొరికేదాకా
మనసులోనే సెకన్లు లెక్కపెట్టాను.